కుడి కంటి గూడే చూసే త్రిమూర్తులు

త్రిమూర్తులు బొటనవేలు అప్పటికే పాలబ్బాయి కనుబొమ్మ మీద ఉంది. మనిషి ఎదురైతే నమస్కారం కన్నా ముందు కుడి కంటి చుట్టూ ఎముక తడిమి చూడటం ఆయన జబ్బు.

"ఇదిగో, ఈ చిన్న గంటు. నరం దారి. ఎంత ముద్దుగా ఉందో."

"ఇంకా మస్తు ఇండ్లున్నయ్ సార్."

"బుగ్గ ఎముక మీద రంధ్రం కూడా చూసి వదిలేస్తా."

మల్లాపూర్ షెడ్డులో ఆయన ముఖం ఎముకల నమూనాలు చేస్తాడు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు వాటిని చేతిలో పట్టుకుని చూసుకుంటారు. కన్ను మెత్తన, దాని గూడు గట్టి. ఆ గూటి అంచున ఉండే గంట్లు, అతుకులు, రంధ్రాలే కత్తికి దారి చూపే గుర్తులు. వాటి మీద రంగు చుక్కలు పెట్టేది షెడ్డులో పనిచేసే అమ్మాయి మానస.

ఆయన వస్తున్నాడంటే నాచారంలో జనం నల్ల కళ్లద్దాలు వెతుక్కునేవాళ్లు. ఉప్పల్లో దిగాల్సినవాడు షేర్ ఆటోలో పక్కవాడి గూడు మెచ్చుకుంటూ రామంతాపూర్ దాకా పోయాడు. ఒక పెళ్లిలో అక్షింతలు పక్కన పెట్టి వరుడి కనుబొమ్మ తడిమితే, వరుడి బావ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి భోజనాల దగ్గర కూర్చోబెట్టాడు.

మానసకూ నవ్వొచ్చేది. కానీ ఆ నవ్వు జుట్టు వెనక నవ్వేది. బండి మీంచి పడినప్పుడు ఆమె ఎడమ బుగ్గ కుంగి, కన్ను కిందికి జారింది. అప్పుడే దవాఖానాకు పోయుంటే తేలిగ్గా అయ్యేది. అద్దానికి మొహం చాటేసి రోజులు నెట్టింది. ఎముక వంకరగానే అతుక్కుంది. ఇప్పుడు ఏదైనా రెండుగా కనిపిస్తోంది. ఒక కన్ను మూసుకుని పని చేసినా, చుక్క గంటు పక్కన పడుతోంది. ఈ పని కూడా పోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం త్రిమూర్తులు భార్య కమలకుమారి క్యారియర్ తెచ్చింది.

"అమ్మా, సార్‌కు ఈ పిచ్చి పెండ్లప్పటి నుంచే ఉన్నదా?" అని అడిగింది మానస.

"ఎక్కడిదే. నువ్వు పనిలో చేరాకే పట్టుకుంది. నీ కన్ను చూసి ఏదో అడగబోతే నువ్వు జుట్టు లాక్కున్నావంట. పిల్లని ఒక్కదాన్నే అడిగితే నొచ్చుకుంటుంది, అందరివీ చూస్తే అందులో ఒకతవుతుంది అన్నారు."

"మరి కుడిదే ఎందుకు?"

"ఎడమది చూడాలంటే నిన్ను జుట్టు పక్కకు తీయమనాలిగా. ఆ ధైర్యం రాలేదు. ఊరందరివీ కుడివి చూస్తూ ఉండిపోయారు. మా అమ్మనీ వదల్లేదు."

మానస నవ్వబోయి ఆగింది. ఇన్నాళ్లూ ఆ వేలిని చూసి నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. లేచి వెళ్లి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, జుట్టు చెవి వెనక్కి నెట్టుకుంది.

"సార్, కుడిది మీకు నోటికొచ్చుంటది. గీ ఎడమది జర సూడుండ్రి."

ఊరంతా తడిమిన వేలు మొదటిసారి ఎడమ కంటి గూటి మీద ఆనింది.

"బయటి అతుకు కదిలిపోయి కూర్చుంది. కింది అంచు కుంగింది. ఆలస్యమైంది అమ్మాయ్. నేనే ముందు అడగాల్సింది."

"అడిగితే పని బంద్ జేస్తుంటి సార్."

"ఇప్పుడు ఆపరేషన్ అంటే డాక్టరు కష్టమంటాడు. కుదరదని మాత్రం అనడు."

డాక్టరు తీయించిన మొహం స్కాన్ వచ్చాక ఆమె కుడి గూటిని అద్దంలోలా తిప్పి, ఎడమ గూడు ఎలా ఉండాలో నమూనా చేశాడు త్రిమూర్తులు. గుర్తులు మానసే పెట్టింది, జారిన చుక్కను తుడిచి మళ్లీ పెడుతూ.

ఆస్పత్రిలో డాక్టరు దాన్ని చూసి, "శుభ్రంగా ఉంది. ఎవరిది?" అన్నాడు.

"నాదే సార్. రంగు ఇంకా పచ్చిగున్నది, అంచు ముట్టకుండ్రి," అంటూ మానస ఆయన అరచేతుల్లో పెట్టింది.