మేత జొన్నలో మొలిచిన రెండక్షరాలు

మా చిన్నప్పుడు, ఒక వానాకాలం పొద్దున... మా బాపు నా చెవి పట్టుకుని చేను పక్కనున్న బావి దిబ్బ మీదికి ఈడ్చుకుపోయాడు. బావి తవ్విన మట్టి పోసిన దిబ్బ అది. ఎక్కితే చేనంతా కనబడుతుంది.

"ఏం రాసినవ్ రా గిది?"

కిందికి చూశాను.

బర్రెల కోసం వేసిన మేత జొన్న అది. మోకాలెత్తు లేచింది. చేనంతా పచ్చకామెర్లు వచ్చినట్టు పాలిపోయి ఉంది. నడుమ మాత్రం ముదురాకుపచ్చ రంగులో, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, రెండు పెద్ద అక్షరాలు. "బడి".

డ మీద గుడి కూడా గుండ్రంగా కుదిరింది!

తెరిచిన నోరు మూయకముందే వీపు మీద ఒకటి పడింది.

బాపును తప్పు పట్టలేం. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో ఏ వింత జరిగినా ముందు నా వీపే వాచేది. సారు సైకిల్‌కు గాలి పోయినా, పక్కింటి తెల్లకోడి ఎర్రగా మారినా... అవన్నీ నేనే చేసేవాణ్ణి, అది వేరే సంగతి. కానీ ఇది నేను కాదు! చేయని పనికి దెబ్బ తినడం అదే మొదలు. ఎంత అన్యాయమో అనిపించింది.

"నీ తోడు బాపూ, నేను గాదు!"

"ఇంకెవలు రాస్తర్రా? బర్రె రాసిందా?"

బాపుకు చదువు రాదు. అయినా అవి అక్షరాలని గుర్తుపట్టాడు.

అప్పుడు వెనక నుంచి సన్నగా ఒక గొంతు...

"ఆణ్ణి కొట్టకు బాపూ. నేనే."

మా సుగుణక్క! ఇంట్లో ఉందో లేదో తెలియని మనిషి. గిన్నె కింద పెట్టినా చప్పుడు కానివ్వదు. ఆ ఏడు ఇంకో బర్రె ఈనింది. "గడ్డికి మనిషి గావాలె" అని అవ్వ, అదే మా అమ్మ, అంది, బాపు తలూపాడు, ఏడో తరగతితో అక్క బడి ఆగిపోయింది. అక్క నోరు తెరవలేదు. పిల్ల బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకున్నారు.

ఆ బుద్ధిమంతురాలి చేతికే యూరియా తట్ట ఇచ్చి, తుంపర పడుతుండగా చేనంతా చల్లి రమ్మన్నారు. చేనంతటికీ చల్లాల్సిన ఎరువును ఆమె రెండక్షరాలకే చల్లింది. తక్కిన చేనుకు ఒక్క పలుకు కూడా పడలేదు. ఆ తర్వాత వాన కురిసింది... మిగతాది జొన్న చెప్పింది.

"ఏం రాసిందిరా?" అని నన్నే అడిగాడు బాపు.

"బడి."

లేచిన చేయి గాలిలోనే ఆగింది. దిబ్బ దిగిపోయాడు. అవ్వ మాత్రం ఊరుకోలేదు.

"ఓ పిల్లా, బర్రెల నోట్ల మన్ను గొట్టినవ్ గదనే!"

ఆమె అన్నదీ నిజమే. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే మా ఇల్లు నడవదు.

పోనీ, వెంటనే కోసేసి అక్షరాలను మాయం చేద్దామా అంటే... లేత జొన్న మేస్తే నాము అనే విషం తగిలి గొడ్డు అక్కడికక్కడే పడిపోతుంది. కంకి వేసేదాకా కొడవలి పెట్టకూడదు. అంటే అన్నాళ్లూ ఆ మాట అట్లా పెరుగుతూ ఉండాల్సిందే! బాపు కొన్న ఎరువుతో, బాపు కళ్ల ముందే...

ఊరంతా దిబ్బ ఎక్కింది. మా దగ్గర పాలు కొనుక్కుపోయే ఖాదర్ చాచా సైకిల్ కింద పడేసి మరీ ఎక్కి, గట్టిగా చదివాడు.

"అరె మల్లన్నా! పిల్లను ఆపితివి, గిప్పుడు నీ చేనే బడికి పోతనంటుంది! జర ఆలోచన జెయ్యి!"

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. వచ్చినవాడల్లా చదువు రాని మా బాపుకు అదే మాట చదివి వినిపించాడు. ఒక సాయంత్రం చూద్దును కదా... ఒక్కడే దిబ్బ మీద కూర్చుని, పుల్లతో మట్టిలో 'బ' గీస్తున్నాడు! నన్ను చూసి చెప్పుతో చెరిపేశాడు.

కంకి వేసింది. బాపు కొడవలి నూరాడు. అక్కకు ఇవ్వలేదు... నా చేతిలో పెట్టాడు!

"రేపటిసంది గడ్డి నువ్వు గొయ్యాలె. గోసినంక బడికి వో. అక్క సక్కగ బడికే వోతది."

"నేనెందుకు బాపూ? నేనేం రాసిన?"

"ఏం రాయలే. గందుకే."

ముందు ఆ రెండక్షరాలే కోయించాడు. బర్రెలు కమ్మగా నమిలి అరిగించుకున్నాయి. నాకైతే ఇప్పటికీ అరగలేదు.

మొన్న పెద్దపల్లి దగ్గర అక్క వాళ్ల చేనుకు పోయాను. ఆమె చల్లిన మేత జొన్న ఎక్కడా మచ్చ లేకుండా ఒకే పచ్చదనంతో ఊగుతోంది. పిల్లలిద్దరినీ చదివించుకుంది. నా నోరు ఊరుకోదు కదా...

"ఏందక్కా, ఈసారి ఏం రాయలే?"

"ఇంట్ల చెప్తే ఇనెటోళ్లున్నరు తమ్మీ. ఇగ చేన్ల రాసుడెందుకు?"

మా ఊళ్లో ఆ బావి పూడిపోయింది. దిబ్బ మట్టిని ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. ఇప్పుడు రోజూ ఫోన్లో బారెడు రాస్తాం... దిబ్బ ఎక్కి చదివేవాడు ఒక్కడూ లేడు.

మీ ఇంట్లోనూ చప్పుడు చేయని మనిషి ఎక్కడో ఏదో రాసే ఉంటుంది. ఎక్కడ రాసిందో, ఎవరు చదివారో కింద చెప్పండి...

చదవకుండానే కోసేశారా? అదైనా చెప్పండి.