అందరూ బతికే ఉన్నారు, కానీ ఎవరు?

కేంద్ర ప్రభుత్వాన్ని ఒంటి చేత్తో బాగుచేయబోయి, ఎనభై ఆరుగురు పెన్షనర్లను అనామకుల్ని చేసిన ఘనుడిని మీరెక్కడా చూసి ఉండరు. వాడు ఇప్పుడు మీతోనే మాట్లాడుతున్నాడు.

అప్పుడు నేను పంజాగుట్టలోని ఒక చిన్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో కొత్త గుమాస్తాను. అమీర్‌పేట హాస్టల్లో ఇడ్లీతో పాటు పరిపాలనా సంస్కరణలను కూడా నమిలి మింగి ఉద్యోగం కొట్టినవాణ్ని. చేరిన నాలుగో నెలలో ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది: జనాన్ని విసిగించే ఫారాలను కుదించండి అని. దేశం నన్నే పిలుస్తోందనుకున్నాను.

మా సూపరింటెండెంట్ సరోజ గారిది కాకినాడ. "శ్రీకాంత్ గారూ, లైఫ్ సర్టిఫికెట్ ఫారం నాలుగు పేజీలుంది. పెద్దవాళ్లు అవస్థ పడుతున్నారు. జాగ్రత్తగా చూసి కుదించండి, నేనొచ్చాక అచ్చు వేయిద్దాం" అని చెప్పి వారం సెలవు మీద వెళ్లారు. పెన్షన్ తీసుకునేవాళ్లు తాము బతికే ఉన్నామని ఏటా సంతకం చేసి ఇచ్చే కాగితమది.

ఆవిడ మాటల్లో నాకు 'కుదించండి' ఒక్కటే వినపడింది. మొదటి పేజీ అంతా నిబంధనలే అనుకుని పీకి పారేశాను. మిగతా మూడింటినీ పిండి అరపేజీకి తెచ్చాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. నేను గొడ్డలితో గోరే తీసేశాను. ఆవిడ వచ్చేదాకా ఆగితే సంస్కరణ చల్లారిపోతుందని అచ్చు వేయించి పంచేశాను కూడా.

పెన్షన్ పెద్దవాళ్లు నా భుజం తట్టారు. "అర నిమిషంల అయిపాయె బిడ్డా" అన్నారు. ఆ మూడు రోజులూ నేను నేల మీద నడవలేదు.

నాలుగో రోజు మా అటెండర్ యాదగిరన్న కట్ట పట్టుకుని వచ్చాడు.

"తమ్మీ, గిండ్ల పేరేడ రాసిన్రు?"

"పైన ఉంటది చూడన్న."

"పైన ఆఫీసు పేరున్నది. నేను మనిషి పేరు అడుగుతున్న."

చూశాను. 'నేను జీవించి ఉన్నాను', కింద సంతకం. అంతే. పేరు, పెన్షన్ నంబరు అడిగే రెండు గీతలు నేను పీకేసిన పేజీ అడుగున ఉండేవట. తల తీసేసి జుట్టు దువ్వినట్టయింది నా పని.

మర్నాడు సరోజ గారు వచ్చారు. "ఏంటివి?"

"లైఫ్ సర్టిఫికెట్లు మేడం. అందరు బతికే ఉన్నరు."

"సంతోషం. ఎవరు?"

నేను కట్టలోంచి ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాను.

"నెలాఖరులోగా తేలకపోతే వీళ్ల పెన్షన్లు ఆగిపోతాయి శ్రీకాంత్ గారూ. ఏం చేస్తారు?"

"తప్పు నాది మేడం. ఇంటింటికి పోయి నేనే రాయించుకొస్త."

ముందు యాదగిరన్న, నేను పాత ఫైళ్లు తీసి సంతకాలు పోల్చాం. కొన్ని సంతకాలు కోడి గీకినట్టు, కొన్ని జిలేబీ చుట్టినట్టు. అరవై దాకా పోల్చుకోగలిగాం. పెన్షన్ రిజిస్టరులో మిగిలిన పేర్ల జాబితా పట్టుకుని శ్రీనగర్ కాలనీ నుంచి అమీర్‌పేట గల్లీల దాకా మెట్లెక్కాను, దిగాను. ఒకామె నన్ను కొరియర్ అనుకుంది, ఇంకొకాయన సంబంధం చూడవచ్చాననుకుని కాఫీ ఇచ్చాడు. తాగాకే నిజం చెప్పాను.

చివరి పేరు డేవిడ్ సార్. మా ఆఫీసులోనే హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. అమీర్‌పేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తుంటి విరిగి రెండు నెలలుగా మంచం మీదున్నాడు. అసలు ఆయన కాగితమే ఇవ్వలేదు. నేను వెళ్లకపోతే ఆయన పెన్షన్ ఆగిపోయేది, మాకెవ్వరికీ తెలిసేది కాదు.

"నలభై ఏండ్లు గా ఆఫీసుకు నేను పోయిన. ఆఫీసు నా ఇంటికొచ్చుడు గిదే మొదలు" అన్నాడు. పేరు, నంబరు నేనే రాసి, సంతకానికి ఆయన చేతికి కలం అందించాను.

ఈ సంగతి చెబితే సరోజ గారు నన్ను తిట్టడం మధ్యలో ఆపి, నోట్ రాయమన్నారు. కదలలేనివాళ్ల ఇళ్లకు ఏటా మేమే వెళ్లాలని. పైవాళ్లు ఒప్పుకున్నారు. నా జీవితంలో నిలబడిన సంస్కరణ అదొక్కటే. ఈ రోజుకీ చెప్పుకుంటే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

మరుసటి ఏడు గర్వంగా డేవిడ్ సార్ ముందు కూర్చున్నాను. "సార్, ఫారం సరిచేసిన. ఇగ తప్పు లేదు."

ఆయన మొహం చిన్నబోయింది. "ఎందుకు చేసినవ్ బిడ్డా? ఫారం సక్కగున్నన్ని దినాలు మా ఇంటికి ఒక్కడన్న వచ్చిండా?"

కావున ఇందుమూలంగా ప్రమాణం చేయునదేమనగా, ఇకపై ఏ ఫారాన్నైనా ముందు నా చేత్తో నింపిగానీ కుదించను. మెట్లెక్కడం మాత్రం మానను.