అరుపు కోసం ఎదురుచూసిన వారం

కాలు ఒకచోట నిలవని మనిషికి అద్దెగదులే సొంత ఇళ్ళు. అలా నేను దిగిన ఇళ్ళలో ఒకదానికి మేడమీద చిన్న గది ఉండేది. కింద వాటాలో ఇంటివాళ్ళు: నీళ్ళ పంపులు బాగుచేసే ఆయన, ఆయన తల్లి, ఆయన భార్య. నేను చెప్పబోయేది ఆ ఇల్లాలి సంగతి. ఆఫీసులో ఆవిణ్ణి అందరూ బకెట్టక్క అనేవారు. చాటున కాదు, ఎదురుగానే. ఆవిడా పలికేది.

ఆవిడ పనిచేసేది గ్రంథాలయంలో. పెద్ద భవనం ఒకటి, పేటపేటకూ శాఖలు, ఇల్లు కదలలేనివాళ్ళకు పుస్తకాలు మోసుకెళ్ళే వాను ఒకటి. ఏ పుస్తకం ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, తిరిగొస్తే ఎవరికివ్వాలి అన్నదంతా ఒక డేటాబేసులో ఉండేది. ఆ డేటాబేసు ఒక సర్వరులో, ఆ సర్వరు మెట్లకింద గదిలో. అంతకుముందు ఆ గదిలో చీపుర్లూ విరిగిన కుర్చీలూ ఉండేవట. యంత్రం వేడెక్కకుండా ఏసీ పెట్టారు. ఏసీ కారింది. కారినచోట బకెట్టు పెట్టారు. బకెట్టు నిండితే పారబోసేది ఆవిడ.

నిజానికి ఆ డేటాబేసు కట్టిందే ఆవిడ. పుస్తకాల వివరాలు కార్డుల మీద టైపు చేసే పనిలో చేరి, కార్డుల కాలం పోయి కంప్యూటరు వచ్చినప్పుడు పట్టుబట్టి నేర్చుకుని, పట్టికలు గీసి, పాఠకుణ్ణి పుస్తకానికీ పుస్తకాన్ని శాఖకూ ముడివేసి నిలబెట్టింది. అయినా పేరు మాత్రం బకెట్టు వల్లే వచ్చింది. ఈ లోకంలో కనిపించే పనికి పేరు, కనిపించని పనికి జీతం. రెండూ ఒకే పనికి దొరికినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఒకప్పుడు ఒక రేవుపట్నంలో గడియారం మేస్త్రీ ఒకాయన నాకు దోస్తు. బురుజు మీది పెద్ద గడియారానికి కీ ఇవ్వడం ఆయన ఉద్యోగం. కీ తప్పితే గడియారం ఆగుతుంది, గడియారం ఆగితే ఊరంతా ఆయన్ని తిడుతుంది. అందుకని ఆయన పట్నం పొలిమేర దాటలేదు. 'సముద్రం పక్కనే ఉంది, పడవెక్కిన పాపాన పోలేదు' అనేవాడు. బకెట్టక్కను చూసినప్పుడల్లా నాకాయన గుర్తొచ్చేవాడు. పెళ్ళికెళ్ళినా ఫోను చేతిలోనే, ఆసుపత్రికెళ్ళినా ఫోను చేతిలోనే. కరెంటు పోయిందన్నా డిస్కు నిండిందన్నా పరుగెత్తాల్సిందే. 'మా కోడలికి రెండు అత్తవారిళ్ళు బాబూ' అనేది ఆవిడ అత్తగారు నాతో. 'నేను మంచిదాన్నే. ఆ మెట్లకింద ఉన్నదే గయ్యాళి.'

ఇలా సాగుతుండగా గ్రంథాలయం పెద్దసారు ఒక కబురు చెప్పారు. ఇక మన యంత్రం మనకొద్దు, డేటాబేసును క్లౌడుకు మార్చేస్తున్నాం. ఆ పని చూడ్డానికి బయటినుంచి ఒకాయన వచ్చాడు. నడివయసు, నెరిసిన మీసం, మెడలో కళ్ళజోడు తాడు. వచ్చిన పూటే ఆఫీసువాళ్ళు ఆయనకు మబ్బులాయన అని నామకరణం చేసేశారు.

పేరు మబ్బేగానీ ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో పెద్ద గిడ్డంగుల్లాంటి భవనాల్లో వరసలు వరసలుగా యంత్రాలు. వాటి ఆలనాపాలనా చూసేవాళ్ళు అక్కడే ఉంటారు. మనకు కావలసినంత చోటు మనం అద్దెకు తీసుకోవడమే. జీవితమంతా అద్దెగదుల్లో గడిపినవాణ్ణి కనక నాకు ఇట్టే బోధపడింది. కొళాయి కారితే ఇంటివాడు చూసుకుంటాడు. గదిలో సామాను ఎక్కడ ఎలా సర్దుకోవాలో మాత్రం మనమే చూసుకోవాలి.

ఆవిడకు బోధపడింది వేరు. ఆ సంభాషణ నాకు వీధి మెట్ల మీద కూర్చుని చెప్పింది.

'డిస్కు పోతే?' అని అడిగిందట.

'మీకు తెలిసేలోపు వాళ్ళే మారుస్తారమ్మా.'

'బ్యాకప్పు?'

'అదే తీసుకుంటుంది.'

'చోటు చాలకపోతే?'

'అడిగితే పెంచుతుంది.'

'మరి నేనెందుకండీ?'

మబ్బులాయన నవ్వలేదట. 'నేనూ ఒక పెట్టెకి కాపలా కాసినవాణ్ణే. నా పెట్టె పోయినప్పుడు నేనూ ఇదే అడిగాను. డిస్కులు మార్చే పని పోతుంది, దాచిపెట్టి చెప్పను. కానీ ఏ పట్టిక దేనితో ముడిపడాలి, ఏ ప్రశ్న అడిగితే జవాబు త్వరగా వస్తుంది, ఎవరికి ఏది చూపించాలి, ఎవరికి ఏది దాచాలి, ఇవన్నీ ఎవరు చేస్తారు? అక్కడ యంత్రాలున్నాయి, మీ పాఠకులు తెలిసినవాళ్ళు లేరు.'

'అమ్మేవాడి మాటలు' అంది నాతో.

భయం ఊరికే పుట్టలేదు. పెద్దసారు అందరి ముందూ అన్నారట: 'మార్పిడి పూర్తయి పాత యంత్రం ఆపేశాక, మీ పోస్టు సంగతి కమిటీ చూస్తుంది.'

'చూడ్డమంటే ఏం చూడ్డం? పెళ్ళిచూపులా?' అని అత్తగారు విరుచుకుపడింది. కోడలు నవ్వబోయి ఊరుకుంది. పంపులతో వచ్చే సంపాదన వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. ఇల్లు నిలబడింది ఆవిడ జీతం మీద.

అయినా పని ఎగ్గొట్టే మనిషి కాదు. క్లౌడులో ఊరికే వాడి చూసుకోమని ఇచ్చే చోటొకటి తీసుకుని, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సాధన మొదలుపెట్టింది. పొద్దుటి వెలుగులో కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఏదో కొడుతూ, చెరుపుతూ, తనలో తను గొణుక్కుంటూ కనిపించేది. ఒకరోజు గట్టిగా 'అత్తయ్యా!' అని కేక వేస్తే, ఏమైందోనని నేనూ కిందికి దిగాను.

'ఏ శాఖలోనూ ఎవరూ ముట్టని పుస్తకాలు చూపించమంటే మా పెట్టె మధ్యాహ్నందాకా మూలిగేదండీ. అదే ప్రశ్న ఇక్కడ అడిగాను. స్టవ్వు మీద పాలు పొంగేలోపు చెప్పేసింది!'

'పాలు పొంగిపోయాయిలే, ముందు స్టవ్వు ఆపు' అంది అత్తగారు.

ఆ పూట ఆవిడ ముఖంలో సంబరం చూశాను, దాని వెనకే దిగులూ చూశాను. తను ఇష్టపడుతున్నదే తన ఉద్యోగానికి ఎసరు పెడుతోందని తెలిసిన మనిషి దిగులు అది.

మార్పిడి సాఫీగా జరిగింది. పట్టికలన్నీ వెళ్ళాయి, లెక్కలు సరిపోయాయి, శాఖలన్నీ కొత్త చోటుతోనే పనిచేయసాగాయి. మిగిలింది అరుపు పరీక్ష.

ఇది ఆ పనివాళ్ళలో ఉన్న ఆనవాయితీ. పాత యంత్రాన్ని పారేసేముందు ఊరికే ఆపి ఉంచుతారు. ఎవరికీ చెప్పరు. దానిమీద ఇంకా ఎవరైనా ఆధారపడి ఉంటే వాళ్ళు అరుస్తారు. వారంపాటు ఎక్కడా అరుపు రాకపోతే దాని పని అయిపోయినట్టే. ఎంత చదువుకున్నవాళ్ళయినా ఇంతకన్న మంచి ఉపాయం కనిపెట్టలేదట. మనుషుల విషయంలోనూ ఇదే కదా మనం చేసేది అనిపించింది నాకు. ఒకరు కనిపించకుండా పోతేనే కదా, ఎవరెవరికి వాళ్ళతో అవసరం ఉందో తెలిసేది.

మీట నొక్కాల్సింది ఆవిడే. నొక్కింది. 'హోరు ఆగిపోయిందండీ. నెత్తిమీద మెట్లెక్కేవాళ్ళ చెప్పుల చప్పుడు ఆ గదిలో మొదటిసారి విన్నాను' అంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే అడిగేది: 'ఎవరైనా అరిచారా?'

'లేదత్తయ్యా.'

'ఒక్కడూ?'

'ఒక్కడూ అరవలేదు.'

'పోనీ నేను ఫోన్ చేసి అరవనా?'

నవ్వేవాళ్ళం. కానీ ఆవిడ పరిస్థితి ఆలోచించండి. అరుపు వస్తే పనిలో లోపం ఉన్నట్టు. రాకపోతే తన అవసరం తీరిపోయినట్టు. ఏది కోరుకోవాలో తెలియక చేసిన కూర మళ్ళీ చేస్తూ, మడిచిన బట్టలు మళ్ళీ మడుస్తూ గడిపింది.

అరుపు వాను డ్రైవరు నోట వచ్చింది. ఆ ఉదయం నేను పత్రికల గదిలో ఉన్నాను. ఆయన గొంతు పై అంతస్తుదాకా వినిపించింది.

'అక్కా! నా చీటీ ఏదీ? ప్రింటరు నోరు మూసుకుని కూర్చుంది!'

నేను మెట్లకింద గది దగ్గరికి వెళ్ళేసరికే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. ఇల్లు కదలలేని పాఠకుల దగ్గరికి వాను వారానికొకసారి వెళుతుంది. ఆ రోజు తెల్లవారేసరికి వాను షెడ్డులోని ప్రింటరులో ఒక చీటీ వచ్చి ఉండేది: ఎవరి ఇల్లు, ఎన్నో అంతస్తు, ఏ పుస్తకం ఇవ్వాలి, ఏది వెనక్కి తేవాలి. ఆ చీటీ తీసే చిన్న ప్రోగ్రాం ఆవిడ ఎప్పుడో రాసింది. అది డేటాబేసులో భాగం కాదు, దాని పక్కన అదే యంత్రంలో ఒదిగి కూర్చుని పనిచేసేది. పట్టికలన్నీ సర్ది పంపిన మనిషి దీన్ని మరిచిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెడిపోలేదు కాబట్టే మరిచిపోయింది.

పెద్దసారు వచ్చారు. విషయం విన్నారు. మంచి మనిషే, తేలికయిన దారి చూపించారు.

'ఆ పెట్టె మళ్ళీ ఆన్ చేసెయ్యండమ్మా. చీటీ వచ్చేస్తుంది కదా. దాన్నలాగే ఉంచుదాం. అది ఉన్నంతకాలం చూసుకోడానికి ఒకరుండాలి, మీరూ ఉంటారు. కమిటీకి నేను చెప్పుకుంటాను.'

మబ్బులాయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆవిడ గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. మీట మీద చెయ్యి పెట్టి నిలబడటం మేమందరం చూశాం. మీట నొక్కితే ఉద్యోగం మిగులుతుంది. ఇంటి చింత తీరుతుంది. డ్రైవరు తాళాలు గలగలలాడిస్తూ 'అక్కా, టైమవుతోంది' అన్నాడు.

నొక్కకుండానే బయటికొచ్చింది.

'వద్దు సార్. ఈ ఒక్క చీటీ కోసం దాన్ని బతికించుకుంటే, అదీ నేనూ ముసలైపోయేదాకా ఒకర్నొకరం చూసుకుంటూ కూర్చోవాలి. వివరాలన్నీ కొత్తచోట ఉన్నాయి. మరిచిపోయింది నేను, చీటీ నేనే తీస్తాను. ఏమయ్యా, బండి తియ్యి.'

'నువ్వెక్కడికక్కా?'

'నీతోనే.'

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వానులో డ్రైవరు పక్కన కూర్చుంది. బండి కదులుతుంటే ఫోనులోని ఇంటర్నెట్టుతో కొత్త డేటాబేసును ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ, ఒక్కొక్క ఇల్లే చెప్పుకుంటూ పోయారట. మెట్లకింద గది దాటి పాఠకుల గుమ్మాలదాకా ఆవిడ వెళ్ళడం అదే మొదటిసారి.

మూడో అంతస్తులో ఒక రిటైరయిన హెడ్మిస్ట్రెస్సు ఉంది. కర్రలు లేనిదే నడవలేదు. తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

'పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే కూర్చున్నా! నేను పోయాననుకుని మానేశారనుకున్నా. ఏం, చెప్పాపెట్టకుండా పోతానా?'

'తప్పు నాదేనమ్మా. ఇవాళ చీటీ రాలేదు' అంది మన బకెట్టక్క.

'నువ్వెవరు?'

'చీటీ రాసేదాన్ని.'

ఆ ముసలావిడ తేరిపార చూసిందట. 'నా పేరు కింద "తలుపు తీయడానికి టైం పడుతుంది, ఆగండి" అని ఉంటుందని ఈ డ్రైవరు చెప్పాడు. అది రాసింది నువ్వేనా?'

'అవునమ్మా. అలాంటివి రాసుకోడానికని పట్టికలో కొంచెం చోటు పెట్టాను.'

'ఆ మాట రాయకముందు, తలుపు కొట్టి నేను లేచి వచ్చేలోపు వెళ్ళిపోయేవారు. గుమ్మం దాకా వచ్చి, ఖాళీ మెట్లు చూసి, మళ్ళీ అంత దూరం వెనక్కి నడిచేదాన్ని. ఇన్నాళ్ళకి దొరికావు. రా, కూర్చో. ఏమయ్యా, నువ్వు కూడా.'

ఈ సంగతీ నాకు వీధి మెట్ల మీదే చెప్పింది. 'ఏళ్ళ తరబడి పట్టికలో ఒక వరస ఆవిడ. ఆ వరసే లేచొచ్చి నాకు మంచినీళ్ళు ఇచ్చిందండీ' అంది.

మర్నాడు మబ్బులాయన పక్కన కూర్చుని చీటీని మళ్ళీ కట్టింది. ఇప్పుడది ప్రింటరుకు పోదు, నేరుగా డ్రైవరు ఫోనుకు వస్తుంది. గుమ్మంలో పాఠకులు చెప్పే మాట డ్రైవరు అక్కడికక్కడే ఎక్కించవచ్చు: పెద్ద అక్షరాల పుస్తకమే ఇవ్వాలి, కుక్క ఉంది, విషాదాలు వద్దు. ఎలా కట్టాలో ఆయన చూపించాడు, ఏం కట్టాలో ఆవిడ చెప్పింది. ఏం కట్టాలో చెప్పింది ఆవిడేనని ఆఫీసు మీటింగులో అందరికీ చెప్పింది ఆయనే. 'అమ్మేవాడి మాటలన్నాను, పాపం' అని ఆవిడ ఆ రోజు ఆయనకు ఇంటి భోజనం తీసుకెళ్ళింది.

కమిటీ చూసింది. పెద్దసారు ఆ కబురు చెప్పడానికి స్వయంగా దిగి వచ్చారట. 'వాను వెంట వెళ్ళి మీరు చేసిన పని ఏ పోస్టు కిందికొస్తుందో వాళ్ళకి అంతు చిక్కలేదమ్మా. అందుకని కొత్త పోస్టే పెట్టమన్నారు.' శాఖలన్నిటి డేటా ఇక ఆవిడ చేతిలో. పొరుగూరి గ్రంథాలయంవాళ్ళు ఆ చీటీ తమకూ కావాలని అప్పటికే ఫోన్ చేశారు. అదీ ఆవిడే చూస్తుంది. ఆవేళ పంపుల ఆయన రెంచీ చేతిలో పట్టుకునే మేడమీదికొచ్చి నాకు చెప్పి వెళ్ళాడు.

పాత యంత్రాన్ని తీసుకెళ్ళిన రోజు నేను అక్కడే ఉన్నాను. వానులోనే ఎక్కించారు. తీగలన్నీ ఆవిడే విప్పింది, దుమ్ము కొంగుతో తుడిచింది.

'ఏడుస్తావా ఏంటక్కా?' అన్నాడు డ్రైవరు.

'ఎందుకేడుస్తాను? నాకు పని నేర్పింది ఇదే. ఎన్ని తప్పులు చేసినా ఓర్చుకుంది.' దాని వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, మోసేవాళ్ళవైపు తిరిగింది. 'ఏయ్, మెల్లగా! ఆ మూల గోడకి తగలనివ్వకండి.'