కాల్‌మేన్ మళ్ళీ వచ్చిన మధ్యాహ్నం

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నాకు నవ్వొస్తుంది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని. జవాబు ఒక్కటీ రాస్తే చాలదు, అది ఎలా వచ్చిందో మెట్లన్నీ చూపించందే నేను మార్కులివ్వను. ఇప్పుడు చెప్పబోయేదానికి కొన్ని మెట్లు లేవు. ఉన్నంతవరకు రాస్తాను.

మా నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్సు బండి డ్రైవరు. నేను పెరిగింది తార్‌బహార్ దగ్గర రైల్వే క్వార్టర్‌లో. అప్పట్లో ఇళ్ళల్లో ఫోన్లు లేవు. డ్యూటీ పడితే కాల్‌మేన్ సైకిలు మీద వచ్చి, ఇనుప గేటు గొళ్ళెం రెండుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి కొట్టి, "కాల్!" అని కేకేసేవాడు. నాన్న అతని పుస్తకంలో సంతకం పెట్టాడంటే ఇక బండెక్కాల్సిందే.

మా కాల్‌మేన్ పేరు అప్పలసామి. మా వాళ్ళలాగే శ్రీకాకుళం వైపు మనిషి, అందుకే మాకు మావ. నాన్నకి ఒంట్లో బాగోని రోజున అమ్మ నన్ను గేటు దగ్గరికి తోసేది. "నాన్న ఇంట్లో నేరు మావా," అని మా వైపు యాసలో లేరని చెప్పేదాన్ని. లోపల్నించి నాన్న దగ్గు వినబడుతూనే ఉండేది. మావ మీసాల్లో నవ్వుకుని, "నేరా? అచ్ఛా," అని సైకిలెక్కేవాడు. ఆ అబద్ధం ఆడని పిల్లలు మా లైన్లో ఎవరూ లేరు.

నేను కాలేజీలో ఉండగానే మావ పోయాడు. తర్వాత నాన్న, ఆ తర్వాత అమ్మ. నాకు పెళ్ళి కుదరలేదు. వద్దనుకున్నానని అందరికీ చెబుతాను కానీ, కుదరలేదన్నదే నిజం. అదే ఊళ్ళో, దయాల్‌బంద్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. విశాఖలో ఉన్న తమ్ముడు ఎప్పుడైనా గుర్తొస్తే ఫోన్ చేస్తాడు.

నలభై ఆరో ఏట నెలసరి గాడి తప్పింది. పది పన్నెండు రోజులు ఆగేది కాదు, గడ్డలు గడ్డలుగా పోయేది. మరక పడుతుందని బడికి ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. బోర్డు దగ్గర కళ్ళు తిరిగితే పిల్లలకి తెలియకుండా బల్ల పట్టుకునేదాన్ని. పొత్తికడుపు గట్టిగా, బరువుగా ఉండేది. ఆగిపోయే వయసు కదా, ఇంతేలే అనుకున్నాను. అమ్మకీ ఇలాగే అయితే గ్యాసని వాము నీళ్ళు తాగేది. లెక్కల టీచర్ని అయ్యుండీ నేనూ అవే తాగాను. అసలు సంగతేమిటంటే, ఆస్పత్రికి ఎవరితో వెళ్ళాలో తోచక వెళ్ళలేదు.

మే నెల. బడికి సెలవులు. ఆ మధ్యాహ్నం బయట వడగాలి, లోపల కూలర్ మోత. పొద్దుట్నించీ మంచం దిగలేదు. రక్తం పోతూనే ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నేను లేవకపోతే జూన్‌లో బడి తెరిచేదాకా ఎవరికీ తెలియదు కదా అనిపించింది. అప్పుడు భయం వెయ్యలేదు. ఇప్పుడు తలుచుకుంటే వేస్తుంది.

అంతలో గొళ్ళెం మోగింది. రెండుసార్లు. ఆగి, ఇంకోసారి.

"కాల్!"

నా నోరు దానంతటదే పలికింది. "ఇంట్లో నేరు మావా."

మళ్ళీ అదే గొంతు, ఈసారి కిటికీ పక్కనుంచి. "నాన్నకి కాదు బుల్లీ. కాల్ నీకే. లెగు."

రైల్వే ఇంట్లో పెరిగినవాళ్ళకి కాల్ వచ్చాక పడుకోవడం చేతకాదు. గోడ పట్టుకుని నడిచి, గడియ తీసి బయటికొచ్చాను. వీధంతా ఎండ. ఒక్క మనిషి లేడు. మెట్టు మీద కూలబడ్డాను, అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రిలో రక్తం ఎక్కిస్తున్నారు. హిమోగ్లోబిన్ నాలుగున్నర. స్కానింగ్‌లో గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు కనిపించాయి. పెద్దది బత్తాయంత ఉంది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది. ఇవి క్యాన్సర్ గడ్డలు కావు. ఎందుకొస్తాయో కచ్చితంగా తెలియదు కానీ ఆడవాళ్ళ హార్మోన్లతో పెరుగుతాయి, తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. ముందే వచ్చుంటే మందులతో చూసేవాళ్ళం, లేదా గడ్డలు మాత్రం తీసేవాళ్ళం, ఇప్పుడు నీ పరిస్థితికి గర్భాశయం తీసెయ్యడమే మేలు అంది. ఇంకొక్క పూట ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదట.

వెంట ఎవరొచ్చారని నర్సు అడిగింది. ఎవరూ లేరని చెప్పి, ఆపరేషన్ కాగితం మీద నేనే సంతకం పెట్టాను. పెట్టాక ఏడుపు ఆగలేదు. కడుపులో ఎవరూ ఉండని ఆ గది కోసం అంత ఏడుస్తానని నేననుకోలేదు.

విన్నదంతా డాక్టరమ్మకి చెప్పాను. రక్తం అంత తగ్గితే మెదడుకి లేనివి వినిపిస్తాయంది. హమ్మయ్య, ఒక మెట్టు దొరికిందనుకున్నాను.

సాయంత్రం ఎదురింటి సాహు భాభీ జావ తెచ్చింది. నన్ను ఆటోలో వేసుకొచ్చింది ఆవిడే. కూర్చుంటూనే, "దీదీ, వో లోహా కౌన్ పీట్ రహా థా?" అంది. ఇనుము మీద ఎవరో బాదుతున్నారని చిరాకేసి బయటికొచ్చిందట. వచ్చేసరికి మెట్టు మీద నేను. ఎలా బాదారని అడిగాను. చెంచాతో మంచం కోడు మీద కొట్టి చూపించింది. రెండుసార్లు. ఆగి, ఇంకోసారి.

నేనుంటున్న ఈ అద్దె ఇంటికి గేటు లేదు. వీధిలోకే చెక్క తలుపు, పక్కన కాలింగ్ బెల్. ఆ వీధిలో ఎక్కడా అలాంటి గొళ్ళెం లేదు, కోలుకున్నాక ఇల్లిల్లూ తిరిగి చూశాను.

ఆ చప్పుడు ఎక్కడిదో ఈ రోజుకీ నాకు తెలియదు. చిన్నప్పుడు నా అబద్ధం విని ప్రతిసారీ నవ్వి వెళ్ళిపోయిన మనిషి, ఆ రోజు మాత్రం ఎందుకు వెళ్ళలేదో అంతకన్నా తెలియదు.

ఇప్పుడు తలుపు ఎవరు తట్టినా, అది కొరియర్ అయినా సరే, లోపల్నించే గట్టిగా చెబుతాను. "ఉన్నాను, వస్తున్నా."