తెల్లచీర మీద నల్లగీత

బొగ్గు గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాక, కొత్తగూడెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సర్క్యూట్ బోర్డులు చేసే పిచ్చి పట్టుకుంది నాకు. జిరాక్స్ షాపులో నున్నటి కాగితం మీద గీతలు ప్రింట్ తీయించి, రాగిపూత ఉన్న పలక మీద బోర్లించి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా రుద్దితే గీతలు రాగికి అంటుకుంటాయి. ఆ పలకను ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్లలో వేసి ఊపుతూ ఉంటే, గీతల కింది రాగి మిగిలి తక్కినదంతా కరిగిపోతుంది.

ఇస్త్రీపెట్టె మాత్రం మా ఆవిడది. ఒకసారి కాగితం పక్కకు జరిగి ప్రింటు నలుపు ఇస్త్రీపెట్టె అడుగుకు అంటింది. నేను చూసుకోలేదు. ఆమె ఆదివారం ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర కొంగు మీద నల్లటి గీత పడింది.

"ఏందయ్యా ఇది, మందిరంల అందరు నా కొంగే చూడాల్నా?" అని వారం రోజులు సాధించింది. ఎంత ఉతికినా పోలేదు. చివరికి గీత కనపడకుండా కొంగు మడిచి కట్టుకునేది.

పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, గొంతు సన్నబడింది. పిలిస్తే షెడ్డు దాకా సరిగ్గా వినపడేది కాదు.

"ఒక కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చి పెట్టరాదు డాడీ," అంది మా అమ్మాయి.

"బజారు బెల్లు ఎన్ని రోజులుంటదే? నేనే చేస్త."

అంతా నా పొగరు. ఏళ్ల తరబడి గని మోటార్లు బాగుచేసినవాణ్ణి, బెల్లు కొనడం నామోషీ అనిపించింది.

మొదటి బోర్డు చెడింది. ప్రింట్ అద్దంలో బొమ్మలా తిరగేసి తీయించాలి, తొందరలో నేరుగా తీయించాను. చిప్పు కాళ్లు వాటి చోట్లలో కుదరలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున రెండో పలక ట్రేలో వేశాను. ఊపడం ఆపితే రాగి ఒకచోట కరిగి ఒకచోట మిగులుతుంది. అప్పుడే ఇంట్లోంచి సన్నగా ఆమె పిలుపు. వినలేదని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను గానీ, విన్నాను.

"వస్తున్న, ఒక్క నిమిషం," అని అక్కడినుంచే అరిచి ట్రే ఊపుతూనే ఉన్నాను.

ఆమె మంచం దిగి రాబోయి గడప మీద పడింది. తలకు దెబ్బ తగిలింది. దవాఖానాలో నాలుగు రోజులుంది, కళ్లు తెరవలేదు. ఎందుకు పిలిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు చూస్తే, అన్నాళ్లూ ఆ నీళ్లలోనే ఉండి గీతల కింది రాగి కూడా కరిగిపోయింది, ట్రేలో పలక మీద ఒక్క గీతా మిగల్లేదు.

సమాధికి తీసుకెళ్లే ముందు అమ్మాయి బీరువాలోంచి ఆ తెల్లచీర తీసింది. కొంగు చూసి, "దీని మీద మరకుంది డాడీ, వేరేది కడ్తం," అంది.

చీర మీద చెయ్యి వేసి, ఇదే కట్టమని సైగ చేశాను. ఆమె కోసం అన్ని గీతలు గీశాను, ఆమె వెంట వెళ్లింది ఆ ఒక్కటే.