మలుపులో బాబాయి బండి

మా బాబాయి కరెంటు లైన్‌మ్యాన్. కొండ మీద తీగ తెగితే బురదలో ఎక్కాలని, రోజూ నడిపే ఫోర్‌వీల్ జీపుకి వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా డిఫరెన్షియల్‌ని శాశ్వతంగా లాక్ చేయించాడు. బురదలో అది ఏనుగే. తారురోడ్డు మీద మాత్రం మొండిఘటం. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా తిరగాలి కదా, తిరగనిస్తేగా! ఇంటి దగ్గరి మలుపు తిరిగేటప్పుడల్లా టైరు ఈడ్చుకుంటూ కీచుమని ఏడ్చేది.

"వచ్చాడమ్మా మహానుభావుడు, వీధి వీధంతా లేపుకుంటూ," అని విసుక్కుంటూనే పిన్ని టీకి నీళ్లు పెట్టేది. బాబాయి చేతులు కడుక్కునేసరికి గ్లాసు పొగలు కక్కుతూ ఎదురుగా ఉండేది.

తర్వాత కొత్త బండి కొన్నాడు. అందులో లాక్‌కి మీట ఉంది, కావాలంటేనే వేసుకోవచ్చు. మలుపులో పిల్లిలా వచ్చేది. మొదటిరోజు గుమ్మంలో బాబాయిని చూసి పిన్ని ఉలిక్కిపడింది. టీ లేదు.

"ఇలా చెప్పాపెట్టకుండా ఊడిపడితే ఎలాగండీ?" అంది.

మర్నాటి నుంచి మలుపులో మళ్లీ అదే కీచు.

బండి చూసిన మెకానిక్ తల బాదుకున్నాడు. "పొడి రోడ్డు మీద లాకేసి తిప్పుతున్నావా అన్నా? ఇరుసు విరిగిపోతుంది!"

"విరిగితే నువ్వున్నావుగా. నేనొచ్చినట్టు మీ వదినకి ఎలా తెలియాలి మరి?" అన్నాడు బాబాయి.

బాబాయి పోయాక ఆ బండి నాకొచ్చింది. రోజూ ఆ మలుపు తిరిగే పనికి వెళ్తాను. చెయ్యి దానంతటదే మీట మీదికి పోతుంది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంటాను. ఆ కీచు వినబడితే పిన్ని లేచి పొయ్యి వెలిగిస్తుంది.