పాత వ్యాన్‌కు పెట్టించిన టర్బో

మా ఆయనకు సిగరెట్ అలవాటు లేదు, మందు అలవాటు లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, ఇంజన్ ఆపడం. ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే పక్క బండ్ల వాళ్ళు ఫోన్లు తీసేవారు, ఈయన తాళం తిప్పేవాడు. ఫ్లైఓవర్ ఎక్కడం అయిపోయి దిగుడు మొదలైతే న్యూట్రల్ కొట్టి, ఇంజన్ ఆపేసి, బండిని దాని బరువుకే వదిలేసేవాడు.

"గిట్ల ఆపితే, బ్రేక్ పడకుంటే ఎట్లయ్యా?" అని నేను మొత్తుకునేదాన్ని.

"దిగుడుకు కూడ డీజిల్ పోస్తరానే ఎవలన్న?" అని నన్నే ఎదురు అడిగేవాడు.

తిట్టేదాన్ని, నవ్వేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెబితే నాకు వచ్చే జీతం అంతంత మాత్రం. అల్మాస్‌గూడలో మా సంసారం ఒడ్డున పడిందంటే ఆ పిసినారి చేతి చలవే.

నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన కొత్తలో ఆయన ఎవరి లారీకో డ్రైవర్. ఓనర్ నోటికి జడిసి జడిసి, చివరికి ఎవరో వాడి అమ్మేసిన డీజిల్ వ్యాన్ ఒకటి కొన్నాడు. కొబ్బరికాయ కొట్టిన రోజు "ఇగ మనల్ని అనేటోడు లేడు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న నిశ్చింత నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్ళు ఆ వ్యాన్‌కు ఎదురు లేదు. అక్కడ పండ్లు కొని దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల తోపుడుబండ్ల మీద అమ్ముకునేవాళ్ళ పెట్టెలు ఆయనే చేరవేసేవాడు. జానెడు దూరానికి వేగంతో ఏం పని? మార్కెట్ హయత్‌నగర్ అవతలికి తరలిపోయాకే మా బండి వయసు అందరి కంటా పడింది. హైవే మీద కొత్త బండ్లు ఒక్కొక్కటీ ఈయన్ను దాటిపోయేవి. మామిడిపండ్ల రోజుల్లో నిండా లోడుతో ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వ్యాన్ మొదటి గేరులో మూలిగేది. వెనకంతా హారన్ల మోత. బైకుల మీద పోయే కుర్రాళ్ళు తల తిప్పి మరీ చూసేవారట, లోపల ఏ ముసలాయన కూర్చున్నాడో అని.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద బండి పెట్టుకునే పండ్ల అక్క ఒకామె, మొదటి నుంచీ మా వ్యాన్‌నే నమ్ముకున్న మనిషి. ఒకరోజు ఆమె ఇంటికే వచ్చింది.

"తమ్మీ, ఏమనుకోకు. నీ బండి వొచ్చేసరికి పొద్దెక్కుతుంది. పక్క బండోడు అప్పటికే సగం మాల్ అమ్ముకుంటుండు. రేపటిసంది నేను గా కొత్త బండిల మాల్ తెచ్చుకుంట" అంది.

చాయ్ తాగి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆమె ఒక్కతే అయితే పోనీ అనుకోవచ్చు. ఆమె వెనకాలే మిగతావాళ్ళూ పోతారని మా ఇద్దరికీ తెలుసు. వాళ్ళంతా పోతే వ్యాన్ అమ్ముకుని మళ్ళీ ఎవరి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ రాత్రి ఆయన అన్నం కెలికి లేచిపోయాడు.

ఆటోనగర్‌లో ఆయనకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు, విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. టర్బో మాట ఎత్తింది ఆ మెకానికే. ఖర్చు సంగతి కాబట్టి నేనూ వెంట వెళ్ళాను.

"పొగ గొట్టంలోంచి ఊరికే పోతుందే పొగ, దాని ఊపుకి ఒక చిన్న చక్రం తిరుగుతుందమ్మా" అని ఆయన చేతులు తిప్పి చూపించాడు. "దాంతోపాటు అటువైపు ఇంకో చక్రం తిరిగి ఇంజన్‌లోకి గాలి నెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ కూడా కాస్త ఎక్కువ కాల్చుకోవచ్చు. ఇంజన్ అదే, లాగుడు మాత్రం వేరేగా ఉంటుంది."

మా ఆయన పడిపోయింది లాగుడికి కాదు, 'ఊరికే పోయే పొగ' అన్న మాటకు. ఇన్నేళ్ళూ అంత బలాన్ని గాలిపాలు చేశామా అన్నట్టు వ్యాన్ వెనక్కి పోయి ఆ గొట్టాన్ని చూసొచ్చాడు.

"ఒక్క మాట" అన్నాడు మెకానిక్. "బండి నిలిపీ నిలపగానే తాళం తిప్పకండి. ఓ రెండు నిమిషాలు ఇంజన్‌ని అలా తిరగనివ్వండి. ఆ చక్రం వేడి మీద ఉంటుంది. మీరు టక్కున ఆపేస్తే దానికి ఆయిల్ అందదు. కొన్నాళ్ళకి కాలిపోతుంది."

"గంతేనా?" అన్నాడు మా ఆయన.

నేను ఆయన కుడిచేతి వైపు చూశాను.

ప్రమాదంలో నుజ్జయిన ఏదో బండి నుంచి తీసిన టర్బో దొరికింది. గొట్టాలు మార్చి, డీజిల్ పంపు సరిచేసి బిగించారు. మర్నాడే బత్తాయి పెట్టెలు నింపుకుని, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్ళాడు. మొదటి గేరులో ఏడ్చిన చోటే వ్యాన్ మూడో గేరులో ఎక్కింది. నా వీపు సీటుకు అతుక్కుంది. ఇంజన్ చప్పుడులోంచి సన్నగా ఈల లాంటిది వినిపించింది.

"ఇంటున్నవా?" అన్నాడు. అబద్ధం ఎందుకు, ఆ పూట ఆయన్ను చూస్తే నాకు ముచ్చటేసింది. యాభై ఏళ్ళ మనిషి ముందుపోయే కారుకు హారన్ కొడుతుంటే ఎవరికి ముచ్చటెయ్యదు? పండ్ల అక్క తిరిగొచ్చింది. మిగతావాళ్ళు పోనేలేదు.

ఇక ఆ రెండు నిమిషాలు. ఇంటి ముందు బండి నిలిపి, ఇంజన్ ఆపకుండా కూర్చునేవాడు. "డీజిల్ కాలుతుంటే నా కడుపు కాలినట్టయితుందే" అనేవాడు. "జర కూసో, ఏం మునిగిపోదు" అని నేను గేటు దగ్గర కాపలా. మొదట్లో నిష్ఠగా కూర్చున్నాడు. పోనుపోను రెండు నిమిషాలు ఒకటైంది, ఒకటి అరైంది. ఇంటి దగ్గరంటే నేనున్నాను. సిగ్నళ్ళ దగ్గర, ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఎవరున్నారు? మెకానిక్ మాట మరిచిపోయి కాదు. ఆ చెయ్యి ఆయన్ను అడక్కుండానే దాని పాత పని అది చేసేసేది. నేను పోరితే "ఔ, మల్ల మర్చిన" అని తల కొట్టుకునేవాడు. అన్నేళ్ళ అలవాటును రెండు నెలల్లో మార్చుకోమంటే ఎవరి తరం?

ఎండాకాలం సెలవుల్లో ఆవకాయకు కాయలు చూసుకుందామని ఒకరోజు పొద్దున నేనూ మార్కెట్‌కు వెళ్ళాను. పండ్ల అక్కనూ ఆమె పెట్టెలనూ ఎక్కించుకుని తిరిగి వస్తూ, చాయ్ తాగుదామని ఎల్‌బీ నగర్ దగ్గర సర్వీస్ రోడ్డు పక్కన ఆపాడు. ఆపీ ఆపగానే తాళం తిప్పాడు. ఇంజన్ ఆగలేదు.

ఆగకపోగా వేగం పెరిగింది. ఎవరో యాక్సిలేటర్ మీద నిలబడ్డట్టు అరవడం మొదలుపెట్టింది. తెల్లటి పొగ రోడ్డంతా కమ్మేసింది. పండ్ల అక్కా నేనూ కిందికి దూకాం. ఆయన తాళం పూర్తిగా బయటికి లాగేశాడు. అయినా అది అరుస్తూనే ఉంది.

"తాళం నా చేతిల ఉందే! సూడు, నా చేతిలనే ఉంది!" అని చెయ్యెత్తి నాకు చూపిస్తున్నాడు. బానెట్ ఎత్తబోతే చాయ్ హోటల్ వాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు. "తమ్మీ, నా పండ్లు పోతే పోనీ, నువ్వు దూరం జరుగు" అని అక్క కేక. చివరికి లోపల ఏదో విరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన చెయ్యి మాత్రం అలాగే పైకి ఉంది.

మెకానిక్ చూసి చెప్పాడు. టర్బోలో ఆయిల్ ఆపే సీలు కాలిపోయింది. ఆ ఆయిలంతా ఇంజన్‌లోకి పోయింది. "మీరు డీజిల్ ఆపారండి. అది తన ఆయిల్ తనే తాగి పరిగెత్తింది. దాన్ని ఆపడం తాళం వల్ల కాదు" అన్నాడు. ఆపే ముందు ఆ రెండు నిమిషాలు ఆగేవారా అని అడగలేదు. అడిగినా బాగుండేది. ఇంజన్ ఇక పనికిరాదన్నాడు. బండి పాత ఇనుము కింద పోయింది.

టర్బో పెట్టించకుండా ఉంటే ఆ ముసలి ఇంజన్ మూలుగుతూ ఇంకొన్నేళ్ళు నడిచేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ పెట్టకపోతే పండ్లవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకునేవారు, అదీ నిజమే. ఏ గుణం మా ఇంటిని నిలబెట్టిందో ఆ గుణమే మా బండిని తినేసింది. ఎవరిని తిట్టాలో తెలియక చాలా రోజులు వంటింట్లో గిన్నెల్ని తిట్టాను.

ఇప్పుడు ఆయన ఒక కొత్త బండికి డ్రైవర్. దానికి టర్బో కంపెనీలోనే వచ్చింది. ఓనర్ మా ఆయన కంటే చాలా చిన్నవాడు. ఈయన ఎక్కడ ఆపినా ఇంజన్ నడుస్తూనే ఉంచుతాడట, రెండు కాదు, ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తాళం మీద చెయ్యి వెయ్యాలంటే భయమట.

మొన్న ఇంటికి వచ్చి గడపలోనే కూలబడ్డాడు.

"ఏందయ్యా, ఏమైంది?"

"ఓనర్ ఒర్రిండు. ఊకె ఇంజన్ నడిపిస్తున్నవ్, డీజిల్ ఏమన్న నీ అయ్య పోస్తుండా అన్నడు." నవ్వబోయాడు. "డీజిల్ ఖరాబ్ చేస్తనని, నన్నన్నడే. నన్ను."

వ్యాన్‌ను ఇనుముకు తూకం వేసిన రోజు కూడా ఏడవని మనిషి, అక్కడే, చెప్పులైనా విడవకుండా ఏడ్చాడు.